అడ్మిన్ ప్యానెల్ వాడికి, కోడ్ నాకు

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. వాడు సివిల్. సైట్ అంటే వాడి దృష్టిలో సిమెంటూ ఇసుకా ఉండే చోటు.

"ఒరేయ్, వాట్సాప్ గ్రూపులో ఏదీ దొరకట్లేదురా. పోయినేడు ఎవడో పిల్లల అడ్మిషన్ల గురించి బ్రహ్మాండంగా రాశాడు, ఎంత వెతికినా కనపడదే! మన పాత ఫోరం మళ్ళీ పెడదాం. అడ్మిన్ ప్యానెల్ బాగుండేది ఏదో నువ్వే చూసి చెప్పు, మిగతాది నేను చూసుకుంటా."

"అడ్మిన్ ప్యానెల్ బాగుండేది" అన్న ముక్క దగ్గర నాకు నవ్వొచ్చింది, కొంచెం గుండె కలుక్కుమంది కూడా. ఎందుకంటే క్రితంసారి నేను సరిగ్గా ఆ లెక్కనే ఎంచుకున్నాను.

ఆ కథ చెప్పి అసలు విషయానికొస్తాను. అప్పట్లో రెండు మూడు ఫోరం సాఫ్ట్‌వేర్లు నా మెషీన్లో ఇన్‌స్టాల్ చేసి, ప్యానెళ్ళు పక్కపక్కన పెట్టుకుని, ఎక్కువ మీటలున్నదాన్ని ఎంచుకున్నాను. పెళ్ళిచూపుల్లో చీర చూసి ఒప్పేసుకున్నట్టు. తర్వాత మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం కదా, చేతులు ఊరుకోవు. రోల్ నంబర్ కనపడాలి, పుట్టినరోజుల జాబితా రావాలి అంటూ సోర్స్ కోడ్ తెరిచి ఓ పదిహేను ఫైళ్ళలో కెలికాను. ఎక్కడేం మార్చానో ఎక్కడా రాసుకోలేదు. ఇక కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, అది వేస్తే నా మార్పులన్నీ కొట్టుకుపోతాయని భయం. "వచ్చే వారాంతం చూద్దాంలే" అనుకుంటూ ఏడాదిన్నర గడిపేశాను.

ఒకరోజు పొద్దున చూస్తే మొదటి పేజీ మొత్తం నలుపు, మధ్యలో ఎవడిదో జెండా. ఆ సాఫ్ట్‌వేర్ పేరెందుకు లెండి, దాని తప్పేం లేదు. ఆ చిల్లు పూడ్చే వెర్షన్ నాలుగు నెలల ముందే వచ్చింది, వేసుకోనిది నేను. నా దగ్గరున్న బ్యాకప్ మూడు నెలల నాటిది. ఆ మూడు నెలల్లోనే మా లెక్కల మేష్టారు పోయారు. ఆయన గురించి ఒకే టాపిక్‌లో అరవైమందికి పైగా తలా ఒక జ్ఞాపకం రాశారు. జన్మలో నాలుగు లైన్లు రాయనివాళ్ళు కూడా రాశారు. అదంతా పోయింది. ఎవడూ నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అప్పట్నుంచీ నాకో అలవాటు. ఏ ఫోరం సాఫ్ట్‌వేర్ కనపడినా రెండు గుమ్మాల్లోంచి లోపలికెళ్ళి చూస్తాను. ముందు అడ్మిన్ ప్యానెల్, తర్వాత సోర్స్ కోడ్. అలా చూసి చూసి నాకర్థమైందేంటంటే, ఈ రెంటికీ విడివిడిగా మార్కులేసి కూడడం తప్పు. ప్యానెల్లో ఇచ్చే ప్రతి సౌకర్యానికీ బిల్లు కోడ్‌లో ఎక్కడో కట్టాలి. ఎవరెక్కడ ఎలా కట్టారో చూడ్డమే అసలు పోలిక.

పీహెచ్‌పీబీబీ 2 తో మొదలెడదాం. 2002 ఏప్రిల్లో వచ్చింది. దాని ప్యానెల్ అంటే ఎడమ పక్క ఒక ఫ్రేమ్, కుడి పక్క ఒక ఫ్రేమ్, అంతే. చూడ్డానికి గవర్నమెంటాఫీసు దరఖాస్తులా ఉండేది. కానీ లోపల ఓ ముచ్చటైన ఏర్పాటుంది. అడ్మిన్ ఫోల్డర్లో 'అడ్మిన్' అనే పేరుతో మొదలయ్యే ప్రతి ఫైలునీ మెనూ కట్టే కోడ్ ఒకసారి పిలుస్తుంది. ఆ ఫైలు "నా పేరు ఇది, నన్ను ఫలానా శీర్షిక కింద పెట్టు" అని చెప్పి వెనక్కెళ్ళిపోతుంది. కొత్త పేజీ కావాలంటే ఆ ఫోల్డర్లో ఫైలు పడేస్తే చాలు, అదే వచ్చి మెనూలో కూర్చుంటుంది.

అయితే ఆ తెలివి ప్యానెల్ గోడల దగ్గరే ఆగిపోయింది. ఫోరంలో ఇంకేం చేర్చాలన్నా 'మాడ్' వెయ్యాలి. మాడ్ అంటే ఒక టెక్స్ట్ ఫైలు. ఫలానా ఫైలు తెరువు, ఫలానా లైను వెతుకు, దాని కింద ఇది అతికించు, సేవ్ చేసి మూసెయ్. వంటల పుస్తకం అన్నమాట. పది మాడ్లు వేశాక మీ దగ్గరున్నది వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్ కాదు, ఈ భూమ్మీద మీ ఒక్కరి దగ్గరే ఉన్న సాఫ్ట్‌వేర్.

దాని ఫలితం 2004 డిసెంబర్లో కనపడింది. శాంటీ అని ఒక వార్మ్ బయల్దేరింది. గూగుల్‌లో వెతుక్కుంటూ వెళ్ళి, చిల్లున్న పీహెచ్‌పీబీబీ ఫోరంలలో దూరి పేజీలు చెరిపేసింది. చివరికి గూగులే ఆ వెతుకులాటని అడ్డుకోవాల్సొచ్చింది. ఆ చిల్లు ఎక్కడంటారా? వెతికిన పదాన్ని రంగేసి చూపించే చోట. పైనుంచొచ్చిన ఆ పదాన్ని యూఆర్ఎల్ డీకోడ్ రెండోసారి చేసి, తీసుకెళ్ళి కోడ్‌లా నడిపే రీప్లేస్ ఫంక్షన్లో పెట్టారు. పీహెచ్‌పీలో అలా నడిపే ఆ 'ఇ' మాడిఫైయర్ని 2015లో వచ్చిన 7.0 లో పూర్తిగా తీసేశారు, పీడా వదిలింది. ఇందులో నన్ను బాధపెట్టే ముక్క ఏంటంటే, దీన్ని సరిచేసిన 2.0.11 వెర్షన్ వార్మ్ రావడానికి నెల ముందే సిద్ధంగా ఉంది. మాడ్లు వేసుకున్నవాడికి అప్‌గ్రేడ్ అంటే ఎంత నరకమో నాకు తెలుసు కాబట్టి ఆ నెలలో ఏం జరిగుంటుందో ఊహించగలను.

మళ్ళీ 2005 ఫిబ్రవరిలో ఇంకోటి. కుకీలో వచ్చిన విలువనీ డేటాబేస్‌లో ఉన్నదాన్నీ రెండు సమానాలతో (==) పోల్చారు. పీహెచ్‌పీ రకం చూడకుండా పోలుస్తుంది కదా, కుకీలో 'నిజం' అనే బూలియన్ పెట్టి పంపితే అది దేనికైనా సమానమే! అలా ఎవడైనా అడ్మిన్ అయిపోవచ్చు. 2.0.13 లో దీనికి మందు ఇంకో సమాన చిహ్నం (===), ఒక్క అక్షరం. ఇక ప్యానెల్ ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం? కోడ్ రివ్యూలో "చిన్న విషయాలకి గొడవెందుకు" అనే జూనియర్లకి నేను ఈ కథే చెప్తుంటాను.

ఇక వీబులెటిన్. డబ్బులిచ్చి కొనుక్కోవాల్సిన సరుకు. వెర్షన్ 3 రోజుల్లో దాని ప్యానెల్ చూసి మిగతావాళ్ళందరికీ కన్నుకుట్టేది. అందులో నాకు బాగా నచ్చింది మాత్రం ప్యానెల్లో లేనిది! డేటాబేస్ మీద నేరుగా క్వెరీ నడపడం, అడ్మిన్లు చేసిన పనుల చిట్టా చూడడం, చెరపడానికి వీల్లేని యూజర్లెవరో నిర్ణయించడం, ఇవన్నీ ఎవరెవరికో కాన్ఫిగ్ ఫైల్లో యూజర్ నంబర్లు రాసి చెప్పాలి. ప్యానెల్లోంచి ఎంతటి అడ్మిన్ అయినా తనకి తాను ఆ అధికారం ఇచ్చుకోలేడు. బీరువా తాళం బీరువాలోనే పెట్టకూడదనే ఇంగితం ఉన్నవాళ్ళు చేసిన పని అది.

ఆ ఇంగితం అన్ని చోట్లా లేదు మరి. టెంప్లేట్లు డేటాబేస్‌లో ఉంటాయి, వాటిని తెచ్చి ఇవాల్‌తో నడుపుతారు. 2005లో 3.5 తో ప్లగిన్లు వచ్చాయి. మూల ఫైళ్ళు ముట్టుకోకుండా హుక్కులకి తగిలించుకోవచ్చు, ఎంత హాయో! కానీ ఆ ప్లగిన్ కోడ్‌ని ప్యానెల్లోనే ఓ టెక్స్ట్ పెట్టెలో రాసి డేటాబేస్‌లో దాచచ్చు. అంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టేసినవాడికి పోస్టులే కాదు, సర్వరే చేతికొచ్చినట్టు. వీబులెటిన్ 5 లో ఇదే ఆలోచన ఇంకో మెట్టెక్కి, పేజీలో పీహెచ్‌పీ కోడ్ పెట్టుకునే విడ్జెట్ అయింది. 2019 సెప్టెంబర్లో తేలిందేంటంటే, లాగిన్ అవకుండానే ఒక్క రిక్వెస్ట్ పంపి ఆ విడ్జెట్‌తో ఏ కోడైనా నడిపించచ్చు (సీవీఈ-2019-16759). దానికి అతుకు వేశారు. 2020 ఆగస్టులో ఇంకో విడ్జెట్ లోపల దీన్ని పెట్టి పంపితే ఆ అతుకు దాటిపోవచ్చని బయటపడింది. అడ్మిన్‌గారి సౌకర్యం కోసం పెట్టిన గుమ్మం దొంగగారికీ పనికొచ్చింది. తాళం మార్చడం కాదు, ఆ గుమ్మం అక్కడ అసలెందుకుందో అడగాలి.

మైబీబీ కూడా ఆ కుటుంబమే. ప్యానెల్ శుభ్రంగా ఉంటుంది. కొత్త వెర్షన్ వేశాక మీరు మార్చుకున్న టెంప్లేట్లలో ఏవి పాతబడ్డాయో వెతికి, తేడాలు కూడా చూపిస్తుంది. కానీ 1.8 లోనూ టెంప్లేట్లు నడిచేది ఇవాల్‌తోనే. 2021 మార్చిలో 1.8.26 లో సరిచేసిన లోపాలు చూడండి. థీమ్ గుణాల్లోంచి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ చేసి, టెంప్లేట్ స్థానంలో తమ కోడ్ వచ్చేలా చేస్తే, ఇవాల్ దాన్ని కళ్ళకద్దుకుని నడిపేస్తుంది. ఇవాల్ లేకపోతే అది డేటాబేస్ లోపం దగ్గరే ఆగేది.

ఎస్ఎంఎఫ్ దారి వేరు. దాని ప్యానెల్లో ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంది. జిప్ ఫైలు అప్‌లోడ్ చేస్తే ఏయే ఫైళ్ళలో ఏయే మార్పులు చెయ్యబోతోందో చూపించి, ప్రతిదానికీ ముందే పరీక్ష చేసి చెప్తుంది. తీసెయ్యమంటే వెనక్కి మారుస్తుంది. పీహెచ్‌పీబీబీ 2 లో చేత్తో చేసిన వంటని ఇక్కడ మిషను చేస్తుందన్నమాట. ఏ ఫైలు ఏ వెర్షన్లో ఉందో వరసగా చూపించే పేజీ కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టం. కానీ ఎంత మిషనైనా చేసేది వెతికి మార్చడమే. ఒక ప్యాకేజీ మార్చేసిన లైను ఇంకో ప్యాకేజీకి దొరకదు. పైగా వెబ్ సర్వర్ తన కోడ్‌ని తానే మార్చుకోగలగాలి, ఆ అనుమతి తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. కోడ్ తెరిస్తే ప్రతి ఫంక్షన్ మొదట్లో గ్లోబల్ వేరియబుల్స్ బారు. చదవడానికి కష్టం కాదు, ఉమ్మడి కుటుంబంలో వంటింటి డబ్బాల్లాగా ఎవరెప్పుడు ఏది తీశారో తెలీదు, అంతే.

ఇప్పుడు పీహెచ్‌పీబీబీ 3. 2007 డిసెంబర్లో వచ్చింది, ఐదేళ్ళ పైచిలుకు చేశారు. దెబ్బలు తిన్నవాడు రాసిన కోడ్ అని చూడగానే తెలుస్తుంది. బయటినుంచొచ్చే ఏ విలువనైనా ఒక ఫంక్షన్ ద్వారానే తీసుకోవాలి. మీరిచ్చే డీఫాల్ట్ విలువ సున్నా అయితే వచ్చేది అంకే అవుతుంది, మాట్లాడేందుకు లేదు. 2014లో వచ్చిన 3.1 లో ఆ రూలుని ఇంకా బిగించి, పీహెచ్‌పీ సూపర్‌గ్లోబల్స్‌ని నేరుగా ముట్టుకుంటే ఒప్పుకోకుండా చేశారు. అదే వెర్షన్లో మాడ్లు పోయి ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. ఎక్స్‌టెన్షన్ తన ఫోల్డర్లో తానుంటుంది, మూల ఫైళ్ళు ముట్టుకోదు. ప్యానెల్లో 'ఆపు' ఒక మీట, 'దాని డేటా కూడా చెరుపు' ఇంకో మీట. ఈ రెండూ వేరువేరని గుర్తించినవాడికి నా నమస్కారం.

మరి ప్యానెల్? ఎడ్డెం అంటే తెడ్డెం. అనుమతుల పేజీలో యెస్, నో, నెవర్ అని మూడుంటాయి. 'నో' అంటే ఇక్కడ ఇవ్వలేదు, ఇంకో గ్రూపు ఇస్తే ఇవ్వచ్చు. 'నెవర్' అంటే ఎవరిచ్చినా చెల్లదు. లోపలి తర్కాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి తెరమీద పెట్టేశారు. నాకు నచ్చుతుంది, మా సివిల్ వాడికి తల తిరుగుతుంది. ఒక అనుమతి ఎందుకొచ్చిందో, ఎందుకు రాలేదో వరసగా చూపించే 'ట్రేస్' పేజీ ఉండబట్టి సరిపోయింది.

మన తెలుగువాళ్ళకి సంబంధించిన సంగతొకటి ఉంది. పీహెచ్‌పీబీబీ 2 లో టాపిక్ పేరు దాచే గడి 60 అక్షరాలది. భాష ఫైల్లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మార్చుకుని తెలుగు రాయచ్చు, పేజీ చక్కగానే కనపడుతుంది. కానీ డేటాబేస్ టేబుల్ లాటిన్-1 అయితే దానికి 60 అక్షరాలంటే 60 బైట్లే. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటి మూడేసి బైట్లు. "ఇంజనీరింగ్ కాలేజీ రోజులు" అని పేరు పెట్టారనుకోండి. లెక్కేసుకోండి, "ఇంజనీరింగ్ కాలేజీ రోజ" దాకా 59 బైట్లు, ఆ పైన కొమ్ములో మూడో వంతు. ఆఖర్న ఓ ప్రశ్నార్థకం డబ్బా! ఫారంలో 60 పరిమితి ఉన్నా అది అక్షరాలు లెక్కపెడుతుంది కాబట్టి అడ్డు చెప్పదు. ప్యానెల్లో ఏ మీట నొక్కినా ఇది బాగుపడదు, ఎందుకంటే తప్పున్నది ప్యానెల్లో కాదు. వెర్షన్ 3 లో మొదట్నుంచీ చివరిదాకా యూనికోడే. డిజైన్ చేసేవాడు మన భాషని ఊహించుకున్నాడా లేదా అన్నది కూడా కోడ్ నాణ్యతే అని నా అభిప్రాయం.

చివరగా డిస్కోర్స్. 2013లో వచ్చింది. రూబీ ఆన్ రైల్స్, పోస్ట్‌గ్రెస్. ప్యానెల్లో సెట్టింగులు వందల్లో ఉంటాయి, కానీ పైన వెతుకుడు పెట్టె ఉంది, మీరు మార్చినవి మాత్రమే చూపించే టిక్కు ఉంది. ఎవరేం మార్చారో చిట్టా ఉంది. ఆ టిక్కు ఒక్కటి నా పాత ఫోరంలో ఉండుంటేనా! కొత్త ప్లగిన్ చేర్చాలంటే మాత్రం ప్యానెల్లో కుదరదు. సర్వర్లోకెళ్ళి కాన్ఫిగ్ ఫైల్లో రాసి మళ్ళీ బిల్డ్ చెయ్యాలి. చాలామంది దీన్ని లోపం అంటారు. నా మటుకు నాకు అది వీబులెటిన్ కాన్ఫిగ్ ఫైలు లాంటి ఇంగితమే. కాకపోతే సొంత సర్వరూ డాకరూ ఉండాలి, మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు. నేను లేకపోతే మా వాడికి దిక్కులేదు.

అదన్నమాట సంగతి. ఇప్పుడెవరైనా ఏది మంచిదని అడిగితే నేను మూడే ప్రశ్నలు వేస్తాను. అడ్మిన్ పాస్‌వర్డ్ పోతే దొంగకి ఫోరం దొరుకుతుందా, సర్వర్ దొరుకుతుందా? చేర్చినదాన్ని తీసేస్తే మూల కోడ్ మొదట ఎలా ఉందో అలాగే ఉంటుందా? రెండేళ్ళు వాడి, నాలుగు మార్పులు చేసుకున్నాక కొత్త వెర్షన్ వెయ్యడానికి చెయ్యి వణుకుతుందా? మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. నా చెయ్యి వణికింది కాబట్టే మేష్టారి టాపిక్ పోయింది.

మా వాడికి పీహెచ్‌పీబీబీ 3.3 పెట్టిచ్చాను. మూల ఫైళ్ళు నేను ముట్టుకోనని ఒట్టేశాను, రోల్ నంబర్ కూడా ప్యానెల్లో కస్టమ్ ఫీల్డుగానే పెట్టాను. డేటాబేసూ, అప్‌లోడ్ చేసిన ఫైళ్ళూ రోజూ రాత్రి వేరేచోటికి కాపీ అయ్యేలా క్రాన్ పెట్టాను. అందరికీ తెరిచేముందు వాడిచేత మూడు పనులు చేయించాను. ఒక దొంగ అకౌంట్‌ని బ్యాన్ చెయ్యడం, ఒక గ్రూపుకి అనుమతివ్వడం, బ్యాకప్ దించడం. ఆ బ్యాకప్‌ని నా లాప్‌టాప్‌లో మళ్ళీ ఎక్కించి చూశాను. ఎక్కించి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని నాకు తెలిసొచ్చిన రోజు మీకు చెప్పానుగా.

అనుకున్నట్టే వాడు 'నో' పెట్టాల్సిన చోట 'నెవర్' పెట్టి తన్ను తానే ఒక విభాగంలోంచి బయటికి నెట్టేసుకున్నాడు. నాకు ఫోన్ వస్తుందని చూస్తూ కూర్చున్నా. రాలేదు. గంట తర్వాత మెసేజ్ వచ్చింది. "ట్రేస్‌లో చూసి సరిచేసుకున్నాలే. మా డ్రాయింగులకంటే నయమేరా ఇది."

మొదటి టాపిక్ వాడే తెరిచాడు. మా మేష్టారి పేరు పెట్టి, కింద "గుర్తున్నంత మళ్ళీ రాయండి" అని ఒక్క లైను రాశాడు. పేరు చివర ఏ డబ్బా లేకుండా పూర్తిగా పడింది. ఆ రాత్రి బ్యాకప్ వచ్చిందా లేదా అని నేను రెండుసార్లు లేచి చూసుకున్నాను.